తడి తరుగు

మా జిల్లాలో బల్లపరుపు నేలంటే
మసీదు వాకిలి ఒక్కటే.
మొక్కజొన్న కండెలు అక్కడే ఎండాలి,
పిల్లలు అక్కడే బంతి తన్నాలి,
పాడె కూడా అక్కడే కాసేపు ఆగాలి.
మిగిలిందంతా ఏటవాలు.
చెయ్యి జారిన గుమ్మడికాయని
నల్లసముద్రంలో వెతుక్కోమంటారు.

నేను తేయాకు కొనుగోలు గుమాస్తాని.
రేకుల షెడ్డు, కాటా, చిట్టా,
చెవి వెనక పెన్సిలు.
కొండ మీంచి ఇనప తీగ పట్టుకుని
మూటలు దిగుతాయి మంచులోంచి.
గిలక కీచుమనే తీరుని బట్టి
ఎవరి మూటో చెప్పగలను.
కిందికి ఆకు.
పైకి రొట్టె, బీపీ బిళ్ళలు, గ్యాస్ బండ,
ఒకసారి
కోపంతో అరుస్తూ ఒక మేకపోతు.

చివరి కోత రోజులు. నాలుగో నాటి ముసురు.
గులిజార్ మూట నలభై ఆరు తూగింది.
తడి తరుగు ఏడు, అని రాశాను.
మూట వెనకే మెట్లు దిగొచ్చిన మనిషి
తలగుడ్డ కొస పిండుకుంటూ అంది:
"ఏడు కిలోల వాన.
అది నడిచొచ్చిందా, ఇద్రీస్?
పై గిలక దాకా మోసింది ఈ వీపే.
ఆకుకి నువ్వు కడతావు,
వానకి ఎవరు కడతారు?"

వరసలో వాళ్ళు నవ్వారు.
నేనూ నవ్వాను.
పెన్సిలు ముల్లు విరిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా నాన్న పడవ కట్టిన ఇనప కడియం
ఇప్పుడు పెట్రోలు బంకు వెనక గోడలో ఉంది.
కొండని పగలగొట్టి సముద్రంలో పోసి
రోడ్డు వేశారు, నాలుగు వరసలు.
కొండ ఎన్ని లారీలో రాసుకున్నారు.
అవతల ఎన్ని అలలు తరుగు పోయాయో
ఏ చిట్టాలోనూ లేదు.
కిటికీ తెరిస్తే హోరు,
అలలనుకుంటాను.
నెత్తళ్ళ కాలంలో మాత్రం
నీచు వాసన ఇంట్లోకొస్తుంది
అటూ ఇటూ చూసుకోకుండా
రోడ్డు దాటి.

ఆ ఏట నెత్తళ్ళు ముందే పడ్డాయి.
రేవులో ఏడు కిలోలు కొన్నాను,
మా కాటా మీదే తూచి
ఖాళీ బుట్టలో పెట్టి తీగకి తగిలించాను.
చీటీ రాయలేదు. ఏం రాయాలో తెలీలేదు.
బుట్ట ఊగుతూ ఊగుతూ
హేజెల్ చెట్ల పైన, వాగు పైన,
మంచులో కలిసిపోయింది.

గంటకి ఫోను.
పలకరింపు లేదు, పొయ్యి చిటపటలు వినిపిస్తున్నాయి.
"ఆరున్నరే రాసుకో.
చేప తడిగా ఉంది."