తాత్కాలికం

నా జేబుల ఐదు మీటర్ల టేపు,
చెవి మీద పెన్సిలు,
చంకల ఖల్ఫాన్ సారు ఫైలు.
ఇబ్రి దాటి గంటన్నర పోతే
వాది ఒడ్డున కొత్త ఊరు కడుతున్నరు.
నలభై ఎనిమిది ఇండ్లు, అన్నిటికీ ఒక్కటే రంగు,
ఇంకా తడారని సిమెంటు వాసన.

సారు అరబ్బీల చదువుతడు,
నేను కొలుస్త.
ఇంటికీ ఇంటికీ నడుమ ఆరు మీటర్లు.
ఫైరింజను తిరిగేటంత మలుపు.
గ్యాసు బండ గోడ బయట, నీడపట్టున.
పడకింటి కిటికీకి ఊచలు పెడితే
లోపలి నుంచి ఊడదీసేటట్టు ఉండాలె.
తలుపు బయటికి తెరుచుకోవాలె.
ఎందుకని మొదటి రోజు అడిగిన.
సారు నన్ను తలుపుకు ఆనించి
వెనుక నుంచి భుజంతోని నెట్టిండు:
"ఇరవై మంది ఇట్ల తోస్తుంటే
లోపలికి గుంజగలవా, లింబాద్రీ?"
గుంజలేకపోయిన.

నిప్పు లేనిదే పొగ రాదంటరు మా దిక్కు.
నిజమే గాని,
నిప్పు మంచం దాకా వచ్చేలోపల
పొగే పని ముగిస్తదని
ఈడికొచ్చినంకనే తెలిసింది.
కప్పుకు తెల్ల బిళ్ల బిగించి
దాని కింద అగరుబత్తి పట్టుకొని నిలబడత.
కూతపెట్టిందా,
కాయితం మీద ఒక టిక్కు.

పదిహేడో ఇంట్ల ముసలామె జువైనా
వెనుక గోడకు ఆనిచ్చి
ఖర్జూరపు మట్టలతోని వంటపాక వేసుకున్నది.
ఆరు మీటర్లు జరుపుమన్నడు సారు.
"ఆరు మీటర్లు నడిచొస్తే
నా రొట్టె సల్లారిపోతది" అన్నది,
సగం అరబ్బీ, సగం హిందీ.
మళ్ల తనే కొంచెంసేపు మాట్లాడలేదు.
పాత ఊర్ల ఒక గాలిరాత్రి
వరుసగ పదకొండు పాకలు అంటుకున్నయట.
మేకను ఎత్తుకొని ఉరికిందట,
కుట్టుమిషను మరిచిందట.
"రేపు విప్పుత" అన్నది,
నా చేతిల కావా పోసుకుంట.
"మరి నువ్వు పండేది ఏడ?"

నీళ్ల ట్యాంకు వెనుక చూపించిన.
ప్లైవుడ్ గోడల డబ్బా.
పన్నెండు మందిమి.
ఉన్న ఒక్క కిటికీని ఏసీ మింగింది.
మంచాల కింద కరెంటు పొయ్యి,
దాని మీద ఎవలిదో పప్పు,
పప్పు మీద ఆరేసిన లుంగీలు.
తలుపు ఒక్కటే. లోపలికి తెరుచుకుంటది.

ఆమె సారు దిక్కు చూసింది.
సారు ఫైలు దిక్కు చూసిండు.
ముందరి పేజీ తిప్పిండు, వెనుకది తిప్పిండు.
"అది తాత్కాలికం" అన్నడు మెల్లగ,
"దానికి వేరే కాయితం, వేరే ఆఫీసు."
చెడ్డోడు కాదు. పండుగకు నాకు చెప్పులు కొనిచ్చినోడు.
నేను వచ్చి పదకొండేండ్లు.
ఏడు క్యాంపులు మారిన.
ఏడూ తాత్కాలికమే.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
పొయ్యిల బూడిదను పెంటకుప్పల పోసే ముందర
మా అవ్వ చెంబెడు నీళ్లు చల్లేది.
"బూడిద పండుకున్నట్టు యాక్టింగు చేస్తది బిడ్డా" అనేది.
గది నిండ గురకలు.
పొయ్యి తీగ ఇంకా ఎర్రగనే ఉన్నది.
లేచి ప్లగ్గు పీకిన.
గుల్ జమాన్‌ను లేపిన. వడ్ల పనోడు.
తిట్టిండు, చెప్పింది విన్నడు,
మళ్ల తిట్టుకుంటనే పెట్టె తెరిచిండు.
సెల్‌ఫోన్ వెలుగుల కీళ్లు విప్పినం.
చౌకట్టు పట్టీ ఊడబెరికి అవుతలి దిక్కు కొట్టినం.
తలుపు బయటికి తెరిస్తే
నీళ్ల డ్రమ్ముకు కొట్టుకున్నది.
డ్రమ్మును జరిపినం.
నేను టేపు తీసి కొలిచిన.
టిక్కు పెట్టడానికి కాయితం లేకుండె.

పొద్దున నాలుగింటికి
నిద్రకండ్లతోని లేచిన పోరడు
అలవాటుకొద్ది గుంజుతనే ఉన్నడు.
గుంజుతనే ఉన్నడు.
"నెట్టు" అన్న పక్కల నుంచి.
"నెట్టురా."