పద్దెనిమిదో చుట్టు

ఆదివారం ముప్పై కిలోమీటర్లు.
శనివారం ఎనిమిదికల్లా పడుకోవాలని
వంటింటి క్యాలెండర్ మీద రాసుకున్నది నేనే.
అదే చేత్తో సైకిల్ తాళం తీశాను.

నొబెయోకాలో మే నెల పోటీలంటే
ఇంట్లో ఉండటానికి కాళ్ళు ఒప్పుకోవు.
ట్రాక్ మీదికే రానిస్తారు మమ్మల్ని, బయటి వరసల దాకా.
నడుమెత్తు బోర్డులు అడ్డం, అంతే.
చేపల మార్కెట్ వాళ్ళు, నర్సులు, బడిపిల్లలు,
ఉత్తరాలు పంచే నేను.
అరచేతులు కందిపోయేదాకా బోర్డుల మీద దరువు.
గుంపు మా ముందునుంచి వెళ్తుంటే
మొదట గాలి తగులుతుంది,
తర్వాత నొప్పుల మందు వాసన,
ఆ తర్వాత బూట్ల మేకుల చప్పుడు
చేటలో బియ్యం చెరిగినట్టు.

పదివేల మీటర్లు. ఇరవై ఐదు చుట్లు.
చుట్టుకు అరవై ఏడు సెకన్లు.
నా బతుకులో అన్నిటికన్నా వేగమైన చుట్టు
ఒక నిమిషం యాభై ఎనిమిది,
అదీ వాన తరుముకొస్తే.
వాళ్ళు ఆఖరి గీత దాటేసరికి
నేనైతే రెండో వంతెన కింద, నాలుగున్నర దగ్గర
ముక్కు తుడుచుకుంటూ ఉంటాను.

నా కళ్ళు తొమితాకా కైసేయి మీదే.
వాళ్ళ కంపెనీ హాస్టల్ నా బీటులోది.
ముఖం ఎప్పుడూ ఎదురుపడలేదు,
వార్డెనమ్మే సంతకం పెడుతుంది.
పార్సిల్ బరువును బట్టి
ఈసారి ఏ బూట్లో చెప్పగలను.
పోస్టుకార్డులు చదవకూడదు.
ఇరవై రెండేళ్ళుగా చదవలేదు.
ఫిబ్రవరిలో ఒక్కటి మాత్రం,
చదివాననడం కూడా తప్పే, కంట పడింది.
ఎవరో పాత కోచ్ లావుపాటి కుంచెతో రాసిన
ఒకే ఒక్క మాట.
మోచేతులు.

పద్దెనిమిదో చుట్టులో గుంపు తెగింది.
దారం తెగినట్టు కాదు, పాలు విరిగినట్టు.
ముందు నమ్మలేం, తర్వాత అంతా అదే.
పన్నెండుమంది ముందుకి,
అతనొక్కడూ ఖాళీలోకి.
భుజాలు చెవుల దాకా ఎక్కాయి.
మోచేతులు పక్కలకు లేచాయి,
ఎగరడం మరిచిన కోడికి రెక్కలు లేచినట్టు.
నా నోరు నా మాట వినలేదు.
"మోచేతులు!" అని అరిచాను.
పక్కనున్న నర్సు నావంక వింతగా చూసింది.
అతను పదమూడోవాడుగా వచ్చి
గడ్డిలో వెల్లకిలా పడి
చాలాసేపు లేవలేదు.

తెల్లారి నాలుగున్నరకి గొకాసే నది గట్టు.
బయల్దేరినప్పుడు ఫ్యాక్టరీ చిమ్నీ మీద
ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.
ఎప్పుడు ఆరిందో చూడలేదు.
చిరుచేపలు ఏటికి ఎదురెక్కే రోజులట,
గట్టు మీద ముసలాయన ఎవరికో చెబుతున్నాడు.
ఇరవై ఆరో కిలోమీటరులో
నాకు నది కూడా కనిపించదు.
ఎడమ బొటనవేలి గోరు తప్ప
లోకంలో ఇంకేమీ ఉండదు.

వెనక అడుగులు. మెత్తగా.
దాటిపోతాయనుకుంటే దాటలేదు,
నా పక్కకు వచ్చి ఆగాయి, అంటే, నాతో సాగాయి.
అతనే.
నా పరుగంతా అతనికి విశ్రాంతి.
కళ్ళ కింద నిద్రలేని నలుపు.

"నిన్న అరిచింది మీరేనా?"
తల ఊపాను.
"ఆ మాట మీకెలా తెలుసు?"

అబద్ధానికి సరిపడా ఊపిరి కూడగట్టేసరికి
నాలుగడుగులు పట్టింది.
"చూస్తే... తెలిసిపోతుంది."

నమ్మాడో లేదో.
కొంతదూరం ఇద్దరం ఒకే చప్పుడు.
వంతెన దగ్గర కుడివైపు తిరగబోతూ
నా చేతులకేసి చూశాడు.
"మీవీ అంతే," అన్నాడు.

దించాను.
ఇంకా మూడు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు.
సోమవారం హాస్టల్ గేటు దగ్గర
హెల్మెట్ తియ్యకుండా, వార్డెనమ్మతో మాట కలపకుండా
ఉత్తరాలు ఎలా ఇచ్చి రావాలో
ఆలోచిస్తూనే పరిగెత్తాను.