దగ్గు

మా గోడకి మేకు కొట్టాను.
అవతలింట్లో తవిటయ్య గారి కేలండరు ఊడి పడింది.
పరిచయం అలా అయింది.
అటు పొడుచుకొచ్చిన మొనకే
దాన్ని మళ్ళీ తగిలించుకున్నారాయన.

విజయనగరం, హౌసింగ్ బోర్డు కాలనీ, సీ బ్లాకు.
ఇరవై నాలుగు వాటాలు, ఒకటే మెట్లు,
ఒకటే మోటారు, దాని మీద పదమూడు తగవులు.
ఎవరింట్లో చేపల పులుసో, ఎవరింట్లో నిన్నటి పప్పో
గేటు దగ్గరే తెలిసిపోతుంది.
సుగుణావతి గారి కుక్కరు మూడో కూత వేస్తే
పైవాటా గుంటడు స్కూలు జోళ్ళు వెతుక్కుంటాడు.
మేం ఆరేసే చీర కిందింటి కిటికీకి తెర.
ఒకరోజు లేకపోతే అడుగుతారు,
"ఇయ్యాల ఉతకలేదేటమ్మా?"

తవిటయ్య గారు జూట్ మిల్లులో ముప్ఫయ్యేళ్ళు.
మిల్లు మూసేశారు.
నార ధూళి మాత్రం ఆయన ఛాతీలో
ఇంకా షిఫ్టు దిగలేదు.
రాత్రి పదకొండుకి ఒక విడత,
ఎత్తు బ్రిడ్జి కింద గూడ్సు కూసినప్పుడు ఇంకోటి,
తెల్లారగట్ల పొడుగ్గా మరోటి.
దిండు చెవుల మీద పెట్టుకునేవాళ్ళం.
ఇల్లు మారదామని మా ఆవిడ రెండుసార్లంది,
గొంతు తగ్గించే.

సిరిమాను వెళ్ళిన వారానికి, ఒక రాత్రి
ఎందుకో మెలకువొచ్చింది.
ఫ్యాను తిరుగుతోంది. పిల్లాడు ఏడవలేదు.
ఏదో లేదు.
గోడకి చెవి ఆనించాను.
సున్నం చల్లగా తగిలింది.

తలుపు తీసేసరికి
మెట్ల మీద అప్పటికే లైటుంది.
పైనుంచి సుగుణావతి గారు, జడ వదిలేసే,
కిందనుంచి ఆటో సన్యాసిరావు, లుంగీ ఎగ్గట్టుకుంటూ,
మోటారు తగవులో ఆర్నెల్లుగా నాతో మాటల్లేని
పట్నాయక్ మాస్టారు, చేతిలో టార్చితో.
ఎందుకొచ్చావని ఎవర్నీ ఎవరూ అడగలేదు.
ఆ తలుపు కొట్టడానికి
ఎవరి చెయ్యీ లేవలేదు.

చివరికి మా ఆవిడే కొట్టింది.

చాలాసేపటికి గడియ.
"ఏట్రా, అర్ధరాత్రి నా గుమ్మంలో పంచాయితీ?
పెద్దాసుపత్రిలో కొత్త మందిచ్చినారు.
మూడేళ్ళకి ఇయ్యాలే కన్నంటుకున్నాది.
లేపీసినారు కదర్రా!"

సన్యాసిరావు ముందు నవ్వాడు.
మాస్టారు టార్చి ఆర్పేసి
"రేపు మోటారు మీరే వేసుకోండి" అన్నారు నాతో,
దేనికి సమాధానమో.

పొద్దున్న మెట్ల మీద ఎదురయ్యారు తవిటయ్య గారు,
పాల ప్యాకెట్టుతో.
కాస్త ఆగి, కిందికి చూస్తూ అన్నారు:
"మందు పని సేస్తన్నాది బాబూ.
ఇంకిల్లు మారక్కర్లేదని
మీ ఇంటిదానికి సెప్పు."