మూడేళ్ళ గాలి

"గ్యాస్ కొట్టు భాయ్" అన్నాను దిగుతూనే.
మూడులో పెట్టినా ఏసీ
జ్వరమొచ్చినవాడి ఊపిరిలా
వెచ్చగా, చెమ్మగా మెడమీద పడుతోంది.
మే నెల. పూలపల్లి బైపాస్. మధ్యాహ్నం రెండు.
తారులో దిగబడ్డ చెప్పు నాతో రానంటోంది.

మొహిద్దీన్ గేజీ తగిలించి ముల్లు చూశాడు.
"గ్యాసుకేం, ఆగస్టు గోదారిలా నిండుగా ఉంది.
ఊపిరే ఆడట్లేదు."
డ్యాష్‌బోర్డు అర ఊడలాగి,
ఇన్సూరెన్సు కాగితం, మా ఇంటిదాని మందుచీటీ,
సగం కొరికిన కొబ్బరుండ
అన్నీ నా ఒళ్ళో పోసి
లోపలికి మోచేతిదాకా పెట్టాడు,
అడ్డం తిరిగిన దూడను లాగే పశువుల డాక్టరులాగ.

వచ్చింది.
తెల్లగా పుట్టిన వస్తువట అది.
బండి అమ్మినవాడు దాని సంగతి చెప్పలేదు,
అడగాలని నాకూ తెలీదు.
ఇప్పుడది కాలవగట్టు రంగులో ఉంది.

మొహిద్దీన్ మడత మడతా విప్పి చదివాడు:
"ఇది ఊక బూడిద. తణుకు మిల్లుల వెనక రోడ్డు.
ఇది కొబ్బరి పీచు పొట్టు,
అంబాజీపేట కిరాయిలు బానే దొరికాయన్నమాట.
ఈ రెక్కలు కోతలప్పటి దీపప్పురుగులవి.
రాత్రుళ్ళు కూడా తిరిగావు."
పెద్దమనుషుల ముందు నిలబెట్టినట్టు
అన్నిటికీ "ఆయ్" అన్నాను.

ఉండి దాటాక, రొయ్యల చెరువుల కంపుకి,
లోపలి గాలే లోపల తిప్పే బొత్తాం నొక్కటం నాకలవాటు.
"నొక్కావు సరే. మళ్ళీ ఎప్పుడు తీశావు?"
తీయలేదు.
మూడేళ్ళు.
ఆస్పత్రికి పోయేవాళ్ళు, అంతర్వేదిలో గుండు చేయించుకుని వచ్చేవాళ్ళు,
చెరువు లీజు కోసం వెనక సీట్లో అరుచుకుని
రాజీ కాగితం మడవకుండానే దిగిపోయిన అన్నదమ్ములు
ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చుకుంటూ వెళ్ళారు.
ఆ అన్నదమ్ముల తిట్లు
మాణిక్యాంబ టీచరుగారికి తగిలే ఉంటాయి.

ఆవిడది మంగళవారం కిరాయి. భీమవరం, కంటి ఇంజక్షను.
ఎక్కగానే అద్దం దించేవారు.
"తడిగుడ్డ వాసనోయ్ ఏసుపాదం."
నేను మల్లెల సెంటు సీసా కొని వేలాడదీశాను.
"ఇప్పుడు మల్లెలు పెట్టుకున్న తడిగుడ్డ" అన్నారు.
చాదస్తం అనుకున్నాను.
చూపు తగ్గినావిడ ముక్కు
మొహిద్దీన్ మీటరుకన్నా ముందే పట్టేసింది.

కింద నీళ్ళు పోయే సన్నటి గొట్టంలో
కందిరీగ మట్టి మెత్తి కాపురం పెట్టింది.
దారి లేని నీళ్ళు కార్పెట్ కింద ఊరుతున్నాయి.
"డెల్టావాడివి. డ్రెయిను పూడిక తీయకపోతే
చేను ఏమవుతుందో నేను చెప్పాలా నీకు?"
సైకిల్ పుల్లతో ఒక్క పోటు.
అర బకెట్ నల్లనీళ్ళు కాళ్ళ మధ్య పడ్డాయి.

పాతదాన్ని డబ్బాలో పారేయబోతూ ఆగాడు.
అడుగు మడతలో, చెమ్మ నిలిచిన చోట,
ఒక వడ్లగింజ మొలకెత్తి ఉంది.
వెలుతురెరగని తెల్లటి మొలక, కుట్టుదారమంత.
ఏ లారీ వెనక పోతుంటే దూరిందో,
ఎవరూ నానబెట్టకుండా, ఎవరూ మండె కట్టకుండా.
ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.
గోటితో తీసి
స్పానర్లు తుడిచే గుడ్డ మీద పెట్టాడు.
తర్వాతేమైందో చూళ్ళేదు, నా ఫోను మోగింది.

కొత్త ఫిల్టరు నాలుగొందల యాభై.
"అందరికీ ఏడాదికొకటి చెబుతాను.
నీ దారులకి రెండు.
సార్వాకొకటి, దాళ్వాకొకటి."

మంగళవారం టీచరుగారు ఎక్కి
అద్దం మీటమీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగారు.
పద్యం అప్పజెప్పే పిల్లాణ్ణి
ఎక్కడ తప్పుతాడా అని వింటున్నట్టు
గాలిని విన్నారు.
వీరవాసరం దాకా ఏమీ అనలేదు.
అక్కడ పైట భుజాల చుట్టూ లాక్కుని
"కాస్త తగ్గించవోయ్, చలేస్తోంది" అన్నారు.

మూడు నుంచి రెండుకి తిప్పాను,
మనసొప్పక.