ఆరో పక్క

టెక్కలి నుంచి ఆటో టాపు మీద వచ్చిన ప్లైవుడ్
దించగానే వేలి కణుపుతో కొడుతూ పోతాను, చెవి ఆనించి.
గట్టిగా పలికేది చెక్క.
డొల్లగా పలికేది కొట్టువాడి మాట.

మడ్డు దాలయ్య ఫైబరు పడవకి మూడు బల్లలు,
లోపలి పక్కలకి నాలుగు పలకలు.
"పైన మాంచి నీలంరంగు కొట్టెయ్, సాలు" అంటాడు
బీడీ ఆర్పకుండానే నా డబ్బాల దగ్గర కూచుని.

పైన కాదు దాలయ్యా,
చెక్కకి నోళ్ళు అంచుల్లో ఉంటాయి.
ఏడు పొరలు, ఏడు దాహాలు.
రంపం కోసిన చోటల్లా నోరు తెరిచి
భావనపాడు రేవు వైపు చూస్తుంటాయి.

గురువులు మావ కాలంలో ఈ ప్లైవుడ్ లేదు.
మామిడి చెక్క,
పలాస నుంచి నూనె డబ్బాలో తెచ్చిన జీడిపిక్కల రసం,
గుడ్డ చుట్టిన పుల్ల.
చుక్క పడితే చర్మం నల్లగా పొక్కి ఊడేది.
ఏ మచ్చ ఏ పడవదో
ముంజేతులు చూసుకుని చెప్పేవాడు.
"ఒల్లు కాల్తే ఊడి మల్లీ వస్తాది.
సెక్క కుల్లితే ఎలగొస్తాదిరా?"

నా చేతికి ఎపాక్సీ వచ్చింది.
పెరుగు కప్పులో రెండు పాళ్ళు జిగురు, ఒక పాలు హార్డెనరు,
వంద లెక్కపెడుతూ ఐస్‌క్రీం పుల్లతో కలపాలి.
తొందరపడితే ఎన్నాళ్ళకీ ఆరదు,
ఆలస్యం చేస్తే కప్పులోనే ఉడికి పొగలొస్తుంది.
తూర్పుగాలి తడిగా ఉన్న పొద్దుట మొదలెట్టకూడదు,
ఇసక అరికాలికి చురుక్కుమనే దాకా ఆగాలి.
మొదటి పూత చెక్క తాగేస్తుంది.
రెండోది సగం తాగుతుంది.
గరుకు కాగితం పట్టి, తుడిచి, మళ్ళీ పూస్తే
మూడోది పైన నిలబడుతుంది,
అందులో నా మొహం వంకరగా.

ఈ జాగ్రత్త నాకు పుట్టుకతో రాలేదు.

నాలుగేళ్ళ కింద ఇదే దాలయ్యకి చేసిన బల్ల.
పైన అద్దం. నాలుగంచులూ అద్దం.
డబ్బా అడుగంటింది,
ఆ సాయంత్రం సోంపేటలో కబడ్డీ పోటీ ఉంది,
కిందివైపు ఎవడు చూస్తాడని
అలాగే బోర్లించి బిగించేశాను.

రెండు వానాకాలాలు మోసింది.
మూడో ఏడు వేట నిషేధం ఎత్తేసిన తొలిరోజు,
దాలయ్య మేనల్లుడు కూర్మయ్య
వల లాగడానికి దాని మీద కాలు తన్నిపెట్టాడు.
తడిసిన రేషన్ పుస్తకంలా పొరలు విడిపోయాయి.
కుర్రాడు పడవ అంచుకి కొట్టుకున్నాడు.
ముందు పళ్ళు రెండు పోయాయి, అంతే.
రేవులో అందరూ అదే మాట అన్నారు,
"అంతే."

దాలయ్య కేకలెయ్యలేదు.
విరిగిన ముక్క తెచ్చి షెడ్డు ముందు పెట్టి
తిరగేశాడు.
నల్లగా నానిన చెక్క మీద
నా పెన్సిలు కొలతలు, కబడ్డీ జట్టు పేర్లు.
"ఇది నీ రాతేనేటి?" అన్నాడు.

ఇప్పుడు ముందు కిందివైపే పూస్తాను.
మర బిగించే చోట పెద్ద చిల్లు తొలిచి,
జిగురుతో నింపి, ఆరాక
అదే చోట సన్నగా మళ్ళీ తొలుస్తాను.
"ఒక సిల్లుకి ఇన్నిసార్లేటి?" అని విసుక్కుంటాడు దాలయ్య.
విసుక్కుంటూనే టీ తెప్పిస్తాడు.

కూర్మయ్య ఆ ఏడాదే వేట మానేశాడు.
నా దగ్గరికే వస్తాడు, ఎందుకో నేనడగలేదు.
కప్పు వాడు పట్టుకుంటే నేను కలుపుతాను.
లెక్క వాడిది.
డెబ్బైల దాకా బాగానే నడుస్తుంది,
తొంభైల్లో పళ్ళసందు నుంచి గాలి జారుతుంది.
ఒక్కో అంకె దగ్గర ఆగి, ఊపిరి కూడదీసుకుని
మళ్ళీ అందుకుంటాడు.
పుల్ల ఆపకుండా
నేను వింటూ ఉంటాను.