ఎవారిస్తో కథ మీద పెన్సిల్ గీతలు

ఎవారిస్తో,
నీ కథ రెండుసార్లు చదివాను.
మొదటిసారి బస్సులో.
రెండోసారి, పుంతా అరేనస్ గాలి
కిటికీని ఊడబెరుకుతుందేమో అనిపించిన రాత్రి.

ఆరు పేజీల్లో 'దూరం' అన్న మాట పద్నాలుగు సార్లు.
లెక్కపెట్టాను. నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన జబ్బు నాది.
జలసంధి మీద ఫెర్రీ ఇంజను చూసేవాడివి,
దూరమంటే ఎన్ని గంటలో, ఎంత డీజిలో నీకు తెలుసు.
మరి ఆ వంటింటి బల్ల ఎన్ని జానలో
ఎందుకు రాయలేదు?

'ఆమె మనసు మంచుగడ్డ' కొట్టేశాను.
మన ఊళ్ళో మంచు ఊరికే పడుతుంది,
కథలోకి కూడా మోసుకురావాలా?

'మౌనం గోడలా లేచింది.'
లేవనీ.
గోడకి ఇవతల నువ్వేం చేస్తున్నావు?
సాక్సులు మడుస్తున్నావా?

ఒక్కచోట ఆగాను.
నాలుగో పేజీ అడుగున, నువ్వు పట్టించుకోకుండా రాసేసిన వాక్యం:
ఆమె మాతే బుర్రలో వేడినీళ్ళు పోసి, తాగి,
మళ్ళీ నింపకుండానే బల్ల మీద పెట్టేసింది.
ఒకే గొట్టంతో ఇద్దరూ తాగే ఇంట్లో
ఇంతకన్నా ఏం జరగాలి?
దాని పక్కన నిలువుగీత గీశాను.
మిగతా పేజీలన్నీ దాని ముందు నీళ్ళు నములుతున్నాయి.

ముగింపు బాలేదు.
సూట్‌కేసు, తలుపు, మెట్లు:
ఈ ఏడాది నేను చదివిన మూడో సూట్‌కేసు ఇది.
ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్ళు వెళ్ళిపోరయ్యా,
ఒకే దుప్పటిని చెరో అంచూ పట్టి
తెల్లారేదాకా లాక్కుంటారు.
నాకు తెలుసు. సరే, అది వేరే సంగతి.

ఇంకో మాట.
కథంతా 'ఆమె', 'ఆమె'.
గురువారం లైబ్రరీ మేడ మీద
పేరేమిటని అడిగితే
నువ్వు ఉన్ని టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని,
కిటికీలోంచి కింద ఆగివున్న కారు లైట్లకేసి చూసి,
చాలాసేపటికి "ఓతీలియా" అన్నావు,
ఇల్లంతా వెతికిన తాళంచెవి
జేబులోనే దొరికినవాడిలా.

ఆ టోపీని రాయి. ఆ చాలాసేపటిని రాయి.

కింద ఆమె హారన్ కొట్టలేదు.
గంటసేపు ఇంజన్ ఆపలేదు కూడా,
కారు లోపల వేడి పోకుండా.
తన కోసమో, నీ సీటు కోసమో
నాకు తెలీదు.
కనుక్కుని రాయి.
వచ్చే గురువారానికి,
నాలుగు పేజీలు మించకుండా.