గోరంత

కొత్తపేటలో ఆస్పత్రుల వీధి వెనక
మందుల షాపు మీద మొదటి అంతస్తు.
అద్దాల తలుపు తోసుకుని వచ్చాడు కాలేషా.
మోచేతుల దాకా తడి, వేళ్ళకి నిమ్మతొక్క వాసన.
వెనకే ఏడేళ్ళ ముబీనా,
ఆదివారం షట్టర్లా మూసుకున్న నోరు.

"పుచ్చలేదండీ, తెల్లబడ్డాయి.
తెల్లబడితే మంచిదేగా?"

హైమవతి మేడమ్ లైటు వంచారు.
ముందు పళ్ళ మీద, చిగుళ్ళ అంచునే
సుద్దముక్కతో గీసినట్టు రెండు చారలు.
"ఇది తెలుపు కాదు కాలేషా, చౌడు.
గోడకి పట్టినట్టే పట్టింది.
లోపల్నుంచి సరుకు పోతోంది."

నెప్పి లేదు. గుంట లేదు.
శంకర్‌విలాస్ మలుపులో నాన్న బండి,
బడి వదిలితే ఆ పిల్ల అక్కడే.
గోలీ దిగినప్పుడల్లా ఓ గుక్కెడు,
ఇంకో బేరం వచ్చేలోగా ఇంకో గుక్కెడు.
నోట్లో ఊరే నీరు పాపం
ఒక ఇటుక సర్దుతుంటే
కియ్యిమని మరో సీసా,
మళ్ళీ రెండిటుకలు ఊడిపోతాయి.

నా పని చిన్నది.
బుగ్గల్లో దూది చుట్టలు దోపి,
గాలి ఊది పన్ను ఆరబెట్టి,
పెసరగింజంత పసుపు జిగురు
(అరిసెల పాకం ముదిరినట్టు తీగ సాగుతుంది)
సన్నటి కుంచెతో పన్నుకో గీత.
తొమ్మిదేళ్ళుగా ఎన్ని వేల పళ్ళకి రాశానో.
లోపల ఏం జరుగుతుందో నాకు కనపడదు,
మేడమ్ చెబితే విన్నదే:
కరిగిన చోటికి సున్నం తిరిగొస్తుందట,
వస్తూ వస్తూ ఫ్లోరైడుని చెయ్యి పట్టుకు తెస్తుందట,
ఇద్దరూ కలిసి కూర్చున్న చోటుని
రేపటి పులుపు అంత తేలిగ్గా లేపలేదట.
పోయింది మళ్ళీ మొలవదు.
పోబోయేది ఆగుతుంది.
అదేం తక్కువా?

దూది తీస్తుంటే మాస్కు తాడు తెగింది.
ముబీనా నోరు మూయడం మర్చిపోయింది.
"అక్కా, నీ పళ్ళేంటి అట్టా ఉన్నాయి,
డికాషన్ ఒలికినట్టు?"
"తప్పమ్మా," అన్నాడు కాలేషా.

తప్పేం కాదు.
మాది కనిగిరి అవతల. ఇంటి ముందే బోరు.
బిందెలో చూస్తే అడుగు కనపడేంత తేట నీళ్ళు.
చిగుళ్ళ కింద ఇంకా పుట్టని పళ్ళకే
మరకలు పడిపోయాయి మాకు.
వంగిన మా పెదనాన్న నడుం
పాడె మీద కూడా తిన్నగా పడుకోలేదు.
ఆ బోరులో ఉన్నదీ
ఈ కుంచె చివర ఉన్నదీ ఒకటే.
కొత్తల్లో డబ్బీ మీద పేరు చదివి
మూడు రోజులు గ్లవ్స్ రెండేసి జతలు వేసుకున్నాను.
ఎందుకని మేడమ్ అడగలేదు, నేను చెప్పలేదు.

ఏడేళ్ళ పిల్లకి ఇదంతా ఎట్టా చెప్పను?
"మాకు బిందెలకొద్దీ తాగించారు బంగారూ, ఏళ్ళ తరబడి.
నీకు గోరంత, పైపైన,
ఆర్నెల్లకోసారి."
అర్థమయిందో లేదో,
చిటికెనవేలు గోరు తిప్పి తిప్పి చూసుకుంది.

ఈ రాత్రి బ్రష్ వద్దు. వేడివి వద్దు.
జంతికల్లాంటివి నమలొద్దు. సోడా...
అక్కడ ఆగాను.
తడిసిన పది నోట్లు కౌంటర్ మీద విడదీసి
ఫీజు లెక్కపెడుతున్నాడు కాలేషా.
"ఇంక బండి దగ్గరికి రానీనండి," అన్నాడు
తల ఎత్తకుండా.
"రానీవయ్యా. నాన్న దగ్గరికి రాక ఎక్కడికి పోతది?
ఎప్పుడైనా ఒకటి తాగితే అన్నంతో తాగమను,
తర్వాత మంచినీళ్ళు పుక్కిలించమను.
సాయంత్రమంతా నంజుకోవద్దను."

బస్సు కోసం నడుస్తుంటే
మలుపులో కియ్యిమన్న చప్పుడు.
బండి వెనక స్టూలు మీద ముబీనా,
చేతిలో స్టీలు గ్లాసు, మంచినీళ్ళు.
నన్ను చూసి పెదాలు రెండు చేతుల్తో సాగదీసి
పళ్ళన్నీ చూపించింది.
పసుపు పూత ఇంకా ఉంది.

రోడ్డు మీద జనం.
నేనూ కొత్త మాస్కు గడ్డం కిందకి లాగాను.